స్పానిష్ క్రియలూ, మన బట్టీ జబ్బూ

ఇది స్పానిష్ పాఠం కాదు, పోట్లాట. కాకపోతే పోట్లాట దేనికో అర్థం కావాలంటే కాస్త పాఠం కూడా చెప్పుకోక తప్పదు. వ్యాకరణం అనగానే పక్క టపాకి పారిపోయేవాళ్ళకి ముందే ఒక హామీ: ఇందులో మీరు బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు. అసలు గొడవే దాని గురించి.

నా వాదన ఒక్క ముక్కలో చెప్పేస్తాను. స్పానిష్ నేర్చుకునేవాళ్ళని హడలగొట్టే "స్టెమ్ ఛేంజింగ్ వెర్బ్స్", అంటే ధాతువు మధ్యలో ఉన్న అచ్చు మారిపోయే క్రియలు, అందులోనూ వాటి ప్రెజెంట్ సబ్జంక్టివ్ రూపాలు, ఎక్సెప్షన్లు కావు. అవి నియమం ప్రకారం నడిచేవి. అదీ చెవికి తెలిసిపోయే నియమం, తెలుగువాడి చెవికైతే మరీ తొందరగా తెలియాల్సిన నియమం. దాన్ని ఇంగ్లీషు పుస్తకాల్లోంచి తీసిన పట్టికలుగా మార్చి మనచేత వల్లె వేయిస్తున్నారు. మనమూ బుద్ధిమంతుల్లా వేస్తున్నాం.

స్పానిష్ తో మనకేం పని అనేవాళ్ళకి: మన దేశపు పెద్ద ఐటీ కంపెనీలు మెక్సికోలో గ్వాదలహారాలోనూ మొంతెర్రేలోనూ ఆఫీసులు పెట్టి చాలా ఏళ్ళయింది. నేనూ అలాంటి టీమొకదానితో రెండేళ్ళుగా పని చేస్తున్నా. ఆఫీసువాళ్ళు ఒక కోచింగ్ సెంటరుతో మాట్లాడి మాకు శనివారం క్లాసులు పెట్టించారు. సబ్జంక్టివ్ దగ్గరికి రాగానే మాస్టారు ఒక ఎక్సెల్ షీటు మెయిల్లో పడేశారు. 60 క్రియలు, ఒక్కోదానికి 6 రూపాలు, మొత్తం 360 గళ్ళు. మారే అచ్చులన్నిటికీ పసుపు రంగు. "వచ్చే వారం టెస్టు, చదువుకుని రండి." ఎందుకు మారుతుందండీ అని అడిగితే, "అది అంతే, ఇర్రెగ్యులర్" అన్నారు.

అది అంతే! మన చదువుల మొత్తానికి ఈ రెండు మాటలూ చాలు కదా :)

క్లాసులో ఉన్న పాతిక మందిమీ సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. రేపు ఎవడైనా జూనియర్ కుర్రాడు 360 విలువలు హార్డ్ కోడ్ చేసి రివ్యూకి పంపితే వాణ్ణి ఊరికే వదుల్తామా? "నాయనా, దీని వెనక లాజిక్ ఉంది కదా, ఫంక్షన్ రాయి" అని వెనక్కి కొట్టమా? అలాంటివాళ్ళం భాష దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుని గళ్ళు నింపుతున్నాం. ఎందుకంటే భాష అంటే లాజిక్ లేనిదని మనకి చిన్నప్పుడే నూరిపోశారు. లెక్కలకి బుర్ర కావాలి, భాషకి బట్టీ చాలు. ఈ అభిప్రాయం మీదే నా కోపమంతా.

ముందు "వదిలెయ్" బ్యాచ్ సంగతి

బట్టీ వీరులకి ఎదురుగా ఇంకో వర్గం ఉంది. "సబ్జంక్టివ్ అడ్వాన్స్‌డ్ బాసూ, వదిలెయ్. తప్పు మాట్లాడినా వాళ్ళకి అర్థమవుతుంది." వీళ్ళని నేను అడిగేది ఒకటే. తెలుగు నేర్చుకుంటున్న పరాయివాడికి "అండి అనేది అడ్వాన్స్‌డ్, ఇప్పుడొద్దు" అని చెబుతారా? వాడు మీ ఇంటికొచ్చి మీ నాన్నగారితో "రా, కూర్చో, తిను" అంటుంటే అర్థం అవుతుంది, నిజమే. ఆ పైన?

స్పానిష్ లో "అండి" ఉండేది సరిగ్గా ఈ సబ్జంక్టివ్ లోనే. తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. "సియేర్ర లా పుయేర్త" అంటే తలుపు వెయ్యి. "సియేర్రె లా పుయేర్త" అంటే తలుపు వెయ్యండి. చివరి అచ్చొక్కటే తేడా. ఆ "సియేర్రె" ప్రెజెంట్ సబ్జంక్టివ్. కూర్చోండి అనే "సియేంతెసె", గుర్తుంచుకోండి అనే "రెకుయేర్దె", ప్రయత్నించి చూడండి అనే "ప్రుయేబె", ఇవన్నీ అదే. ఫోన్ కాల్లో మనలాంటివాళ్ళకి అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చే "రెపీత, పొర్ ఫబోర్", అంటే దయచేసి మళ్ళీ చెప్పండి, అదీ ఇదే. ఇంకో తమాషా ఏమిటంటే ఇవన్నీ స్టెమ్ ఛేంజింగ్ క్రియలే.

"వద్దు" అని చెప్పడానికైతే నువ్వు-మీరు తేడా కూడా లేదు, ఇద్దరికీ సబ్జంక్టివే. "నొ సియేర్రెస్ ఎల్ తికెట్" అంటే టికెట్ క్లోజ్ చెయ్యకు. అదే "నొ సియేర్రస్ ఎల్ తికెట్" అంటే నువ్వు టికెట్ క్లోజ్ చెయ్యట్లేదు. మొదటిది విన్నపం, రెండోది ఫిర్యాదు. ఎవడికి ఏది పంపుతున్నారో తెలియకుండా "అర్థమవుతుంది లే" అంటే ఎలా?

1833లో మరియానొ హొసె దె లార్రా అనే స్పానిష్ రచయిత ఒక వ్యంగ్య వ్యాసం రాశాడు. పదిహేను రోజుల్లో పనులన్నీ చక్కబెట్టుకుని పోదామని మాడ్రిడ్ కి వచ్చిన ఒక విదేశీయుణ్ణి ఎక్కడికి పోయినా "రేపు రండి" అని తిప్పుతుంటారు. వ్యాసం పేరే అది: "బుయేల్బ ఉస్తేద్ మన్యాన". మన తహసీల్దార్ ఆఫీసుకి ఒక్కసారైనా వెళ్ళినవాడికి దీని తాత్పర్యం చెప్పక్కర్లేదు. ఆ "బుయేల్బ", బొల్బేర్ అంటే తిరిగి రావడం అనే క్రియకి సబ్జంక్టివ్, అచ్చు మారిన రూపం. అంటే గుమాస్తా జనాన్ని గుమ్మంలోంచి పంపించేటప్పుడు వాడే మాట. అది అడ్వాన్స్‌డ్ ఎలా అయిందో నాకైతే బోధపడలేదు.

ఇప్పుడు పాఠం

ఒక చిన్న ఏర్పాటు. స్పానిష్ మాటల్ని నేను తెలుగులో రాసేటప్పుడు ఎక్కడ దీర్ఘం పెడితే అక్కడ ఊనిక ఉందని గుర్తు. అంటే ఆ అక్షరాన్ని నొక్కి పలకాలి. (అన్నట్టు స్పానిష్ కి తెలుగు లిపి భలే కుదురుతుంది. వాళ్ళ త, ద లు మన త, ద లే. వాళ్ళ అయిదు అచ్చులూ మన దగ్గర ఉన్నవే. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి "ట, డ" లు పలికేవాళ్ళు ఒకసారి ఆలోచించుకోండి.)

మొదటి నియమం అందరికీ తెలిసిందే: అచ్చు తారుమారు. "ఆర్" తో ముగిసే క్రియలకి సబ్జంక్టివ్ లో "ఎ", "ఏర్, ఈర్" తో ముగిసేవాటికి "అ". దీనికి పట్టిక అక్కర్లేదు.

రెండో నియమం ఊనికది. పెన్సార్ అంటే ఆలోచించు. సబ్జంక్టివ్ రూపాలు చూడండి: నేను పియేన్సె, నువ్వు పియేన్సెస్, అతను పియేన్సె, మనం పెన్సేమొస్, వాళ్ళు పియేన్సెన్. "మనం" దగ్గర మాత్రం "యే" పోయి "ఎ" వచ్చింది. ఎందుకు? దీర్ఘం ఎక్కడుందో చూడండి. మిగతా రూపాల్లో ఊనిక ధాతువు మీద ఉంది, అందుకే అచ్చు చీలి "ఇయే" అయింది. "పెన్సేమొస్" లో ఊనిక ప్రత్యయం మీదికి జరిగింది, అందుకే ధాతువులో అచ్చు మామూలుగా ఉండిపోయింది. ముఖ్యంగా స్పెయిన్ లో వాడే "మీరంతా" రూపం పెన్సేఇస్ కూడా అంతే. కొంతార్ అంటే లెక్కపెట్టు: కుయేంతె, కానీ కొంతేమొస్. పొదేర్ అంటే చేయగలుగు: పుయేద, కానీ పొదామొస్. బరువు పడితే చీలుతుంది, బరువు తీస్తే చీలదు. అయిపోయింది.

ఇది క్రియలకి మాత్రమే పట్టిన తెగులు కాదు, భాష మొత్తంలో ఉంది. ఏడు సియేతె, డెబ్భై సెతేంత. తొమ్మిది నుయేబె, తొంభై నొబేంత. తలుపు పుయేర్త, తలుపు దగ్గర కాపలావాడు పొర్తేరొ. పన్ను దియేంతె, పళ్ళ డాక్టరు దెంతీస్త. దేశం బెనెసుయేల, ఆ దేశస్థుడు బెనెసొలానొ. ఊనిక జరిగితే చీలిక పోతుంది. లాటిన్ లోని హ్రస్వ ఎ, హ్రస్వ ఒ లు ఊనిక పడ్డ చోట ఇలా చీలాయి. మొదటి వారంలో అంకెలు నేర్పేటప్పుడే ఈ ఒక్క మాట చెప్పి ఉంటే, ఆరు నెలల తర్వాత 360 గళ్ళ షీటు పంపే అవసరం ఉండేది కాదు. అంకెలు ఒక పాఠం, క్రియలు ఇంకో పాఠం, మధ్యలో చుట్టరికం ఉందని చెప్పే నాథుడు లేడు.

పుస్తకాల్లో దీనికి ఒక బూటు బొమ్మ వేస్తారు. అచ్చు మారే రూపాలన్నిటినీ చుట్టి గీత గీస్తే బూటు ఆకారం వస్తుందట. సంతోషం. ఎక్కడ మారుతుందో బూటు చెబుతుంది, ఎందుకు మారుతుందో చెప్పదు. "ఎందుకు" తెలియనివాడు తర్వాతి మెట్టు మీద బోర్లా పడతాడు. ఎందుకంటే "ఈర్" క్రియల సబ్జంక్టివ్ లో బూటు పనిచెయ్యదు.

చదువు, చదివి, చదవక

సెంతీర్ అంటే అనుభూతి చెందు. మామూలు వర్తమానంలో నేను సియేంతొ, మనం సెంతీమొస్. బూటు లెక్క ప్రకారం సబ్జంక్టివ్ లో నేను సియేంత, మనం "సెంతామొస్" అవ్వాలి. కాదు, "సింతామొస్". దొర్మీర్ అంటే నిద్రపో. నేను దుయేర్మ, మనం "దొర్మామొస్" కాదు, "దుర్మామొస్". ఇక్కడే మా మాస్టారు "ఎక్సెప్షన్ లో ఎక్సెప్షన్" అని చెప్పి ఎరుపు రంగు పూశారు.

ఇప్పుడు ఒక్క నిమిషం స్పానిష్ పక్కన పెట్టి తెలుగులో మాట్లాడుకుందాం. చదువుతాను. చదివాను. చదవను. ఈ మూడింటినీ పైకి అనండి. "దు", "ది", "ద". ధాతువులో రెండో అక్షరం మూడు సార్లూ మారింది. అడుగుతాను, అడిగాను, అడగను. తిరుగుతాను, తిరిగాను, తిరగను. పలుకుతాను, పలికాను, పలకను. దీన్ని మీకెవరైనా పట్టిక వేసి నేర్పారా? పసుపు రంగు పూశారా? బూటు బొమ్మ గీశారా? మూడేళ్ళ పిల్ల "నేను అడగను, పో" అని మూతి ముడిచినప్పుడు "అడుగను" అనకుండా "అడగను" అని ఎలా అంది? తర్వాత వచ్చే అచ్చుని బట్టి ముందున్న అచ్చు మారాలని దాని చెవికి తెలుసు. ముందర "ఇ" వస్తుంటే "ఇ", "అ" వస్తుంటే "అ".

అయితే ఇక్కడ చురుకైనవాడు ఒక ప్రశ్న వెయ్యాలి. "చదివాను" లో "ది" తర్వాత ఉన్నది "వా" కదా, "ఇ" లేదు కదా, మరి "దు" కాస్తా "ది" ఎందుకయింది? జవాబు మన తెలంగాణ, రాయలసీమ మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది: చదివిన, చదివినాను. అక్కడ "వి" ఉంది. ఆ "వి" లోని "ఇ" వల్లే "దు" కాస్తా "ది" అయింది. తర్వాత కోస్తా మాటలో "చదివినాను" కుదించుకుపోయి "చదివాను" అయింది. మార్పు తెచ్చిన "ఇ" పోయింది, అది తెచ్చిన మార్పు మాత్రం మిగిలిపోయింది.

సింతామొస్ కథ సరిగ్గా ఇదే! లాటిన్ లో ఆ రూపం సెంతియామస్. ప్రత్యయానికి ముందు ఒక "ఇ" ఉండేది. ఊనిక లేని "సెం" ని అది పైకి లాగి "సిం" చేసింది, తర్వాత తను మాయమైపోయింది. దొర్మియామస్ కాస్తా దుర్మామొస్ అయింది కూడా అలాగే. సెంతీమొస్ కి లాటిన్ లో అలాంటి అదనపు "ఇ" లేదు, అందుకే అది మారలేదు. తెలుగులో ఒక "ఇ" మాయమైంది, స్పానిష్ లో ఒక "ఇ" మాయమైంది, రెండు చోట్లా గుర్తు మిగిలింది. చరిత్ర వద్దు, నియమం చాలు అనేవాళ్ళకి ఈ రోజు వాడుకునేందుకు ఇదిగో:

ఈ జాతి "ఈర్" క్రియల్లో,
1. ధాతువు మీద ఊనిక ఉంటే అచ్చు చీలుతుంది: సియేంత, దుయేర్మ. (పెదీర్ లాంటివాటిలో చీలడానికి బదులు "ఇ" అవుతుంది: పీద.)
2. ఊనిక లేకపోతే తర్వాతి అక్షరం చూడు. అందులో ఒంటరి "ఇ" ఉంటే ఎ, ఒ లు అలాగే ఉంటాయి: సెంతీమొస్, దొర్మీమొస్, పెదీమొస్.
3. ఒంటరి "ఇ" లేకపోతే ఎ కాస్తా ఇ, ఒ కాస్తా ఉ అవుతాయి: సింతామొస్, దుర్మామొస్, పిదామొస్.

అంతే. ఇంకా బాగున్నది ఏమిటంటే, ఈ మూడు వాక్యాలు సబ్జంక్టివ్ కి మాత్రమే కాదు, ఆ క్రియ రూపాలన్నిటికీ పనికొస్తాయి. భూతకాలంలో "నేను" సెంతీ: ఒంటరి ఇ ఉంది, ఎ నిలిచింది. "అతను" సింతియో: "ఇయో" జంట అచ్చు, ఒంటరి ఇ కాదు, కాబట్టి ఇ. నిద్రపోతూ అనడానికి దుర్మియేందొ: అదే లెక్క. పుస్తకాల్లో ఇవి మూడు వేర్వేరు అధ్యాయాల్లో మూడు వేర్వేరు "ఇర్రెగ్యులర్ లిస్టులు". ఒకే బగ్ కి మూడు టికెట్లు తెరిచినట్టు.

తేడా ఒకటుంది, చెప్పకపోతే మోసం. మన తెలుగులో "ఇ" పక్కన "ఇ" ఉంటే ముద్దు. స్పానిష్ లో ఈ క్రియలు రెండు "ఇ" లు పక్కపక్కన రాకుండా తప్పుకుంటాయి. దిక్కు వేరు, కానీ పని ఒకటే: తర్వాత వచ్చే అచ్చుని ముందే విని, నోరు సర్దుకోవడం. ఆ పని మనం రోజుకి వెయ్యిసార్లు చేస్తాం. ఇంగ్లీషుకి ఆ అలవాటు లేదు. అందుకే ఇంగ్లీషువాడి కోసం రాసిన పుస్తకానికి ఇది వింతగా కనిపించింది, ఇర్రెగ్యులర్ అని పేరు పెట్టింది. మనకెందుకు వింత కావాలి?

మరి బట్టీ పట్టాల్సింది అసలు లేదా?

ఉంది. ఏ క్రియ చీలుతుంది, ఏది చీలదు అన్నది చూడగానే చెప్పలేం. ఎంతెందేర్ (అర్థం చేసుకొను) చీలి ఎంతియేంద అవుతుంది, దెపెందేర్ (ఆధారపడు) చీలదు, దెపేంద. కొంతార్ చీలుతుంది, మొంతార్ (ఎక్కు) చీలదు. జనం నోట్లో నలిగి వచ్చిన మాటల్లో చీలిక ఉంటుంది, తర్వాతి కాలంలో పుస్తకాల లాటిన్ నుంచి నేరుగా తెచ్చుకున్నవాటిలో సాధారణంగా ఉండదు. మన తద్భవాలూ తత్సమాలూ లాంటి వ్యవహారమే. అంటే ఒక్కో క్రియకి గుర్తుంచుకోవాల్సింది ఒక్క బిట్: చీలుతుందా, లేదా? "ఈర్" క్రియ అయితే ఇంకో బిట్: సెంతీర్ దారా, పెదీర్ దారా? 360 గళ్ళకీ, 60 గుర్తులకీ తేడా ఇదే. నేనేదో గొప్ప కిటుకు కనిపెట్టలేదు, డేటానీ లాజిక్ నీ వేరు చెయ్యమంటున్నాను. అది మన వృత్తి.

దార్, ఎస్తార్, అబేర్, ఈర్, సబేర్, సేర్ అనే ఆరు క్రియలు మాత్రం నిజంగానే దారి తప్పినవి. వాటిని బట్టీ పట్టండి, ఆరే కదా. తెనేర్, బెనీర్ లాంటివి "నేను" రూపంలోని "గ" ని పట్టుకుని చివరిదాకా వదలవు: తేంగ, తెంగామొస్. హుగార్ (ఆడు) అనేది ధాతువులో "ఉ" ఉండి కూడా చీలే విచిత్రజీవి: హుయేగె, హుగేమొస్. సరే, ఒప్పుకుందాం.

ఇహ "స్పెల్లింగ్ మార్పులు" అని ఇంకో భూతం ఉంది. ఎంపెసార్ (మొదలుపెట్టు), అల్మొర్సార్ (మధ్యాహ్న భోజనం చేయు) లాంటివాటిలో సబ్జంక్టివ్ కి వచ్చేసరికి ఒక అక్షరం పోయి ఇంకోటి వస్తుందని, అచ్చు మార్పుతో కలిపి "డబుల్ ఇర్రెగ్యులర్" అని భయపెడతారు. తెలుగులో రాసి చూడండి: ఎంపియేసె, ఎంపెసేమొస్. అల్ముయేర్సె, అల్మొర్సేమొస్. ఏదీ, ఇంకో మార్పు ఎక్కడుంది? నోట్లో ఏమీ మారలేదు. మారింది రోమన్ లిపిలో స్పెల్లింగు మాత్రమే. లిపి తిప్పలని భాష నెత్తిన రుద్దుతున్నారన్నమాట.

ఇంగ్లీషు గుమ్మం

కరకస్ లో పుట్టి చిలీలో స్థిరపడ్డ అంద్రేస్ బేయొ 1847లో స్పానిష్ వ్యాకరణం ఒకటి రాశాడు, అమెరికా ఖండంలోని స్పానిష్ జనం కోసం. ఆయన పోట్లాట ఏమిటంటే, మన భాషని లాటిన్ మూసలో పోసి చూడకండి, దానికి దాని సొంత పద్ధతి ఉంది అని. అప్పట్లో లాటిన్ మూస. ఇప్పుడు మన హైదరాబాదులో, బెంగుళూరులో స్పానిష్ నేర్చుకునేవాడికి ఇంగ్లీషు మూస. ప్రతి మాటా ఇంగ్లీషు గుమ్మంలోంచే లోపలికి రావాలి.

దాని ఫలితం చూడండి. "నువ్వు నిద్రపోవాలని నా కోరిక." స్పానిష్ లో "కియేరొ కె దుయేర్మస్". తెలుగులో లోపలి వాక్యానికి సొంత కర్త ఉంది (నువ్వు), ఇంకా జరగలేదని చెప్పే రూపం ఉంది (నిద్రపోవాలి), రెండు వాక్యాల్ని కలిపే మాట ఉంది (అని). స్పానిష్ లోనూ సరిగ్గా అవే మూడు: కర్త క్రియలోనే ఉంది, రూపం సబ్జంక్టివ్, కలిపే మాట "కె". మన "ఆలి" నేను, నువ్వు, వాళ్ళు అని మారదు, వాళ్ళది మారుతుంది. అంతే తేడా. ఇంగ్లీషులో మాత్రం "నిన్ను నిద్రపోవడాన్ని కోరుతున్నా" అన్న ధోరణిలో ఉంటుంది ఈ వాక్యం. తెలుగులో ఆలోచించేవాడికి సూటిగా ఉన్న దారి వదిలేసి, ఇంగ్లీషు మీదుగా చుట్టూ తిప్పి తీసుకెళ్ళి, "చూశారా, సబ్జంక్టివ్ ఎంత కష్టమో" అంటారు!

ఇంకోటి. "పిల్లాడు నిద్రపోయినప్పుడల్లా పని చేసుకుంటాను" అనడానికి "కుఆందొ సె దుయేర్మె". "పిల్లాడు నిద్రపోయాక ఫోన్ చేస్తా" అనడానికి "కుఆందొ సె దుయేర్మ". మొదటిది రోజూ జరిగేది, రెండోది ఇంకా జరగాల్సింది. మనకి "నిద్రపోయినప్పుడల్లా", "నిద్రపోయాక" అని తేడా ఉంది. ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకే రూపంతో సరిపెడతారు. ఇంగ్లీషులోంచి చూసేవాడికి ఈ తేడా కొత్తగా నేర్చుకోవాల్సిన విషయం. తెలుగులోంచి చూసేవాడికి ఇంట్లో ఉన్నదే.

ఇక మామూలుగా వచ్చే అభ్యంతరాలు

"ఇప్పుడు ఏఐ ఉంది కదా, అదే అనువాదం చేసి పెడుతుంది." పెడుతుంది, బాగానే పెడుతుంది. అవతలి మనిషి మీకు నువ్వో మీరో దానికి చెప్పాల్సింది మీరే. అది ఇచ్చిన వాక్యంలో చివర "అ" ఉందో "ఎ" ఉందో చూసి పంపాల్సింది కూడా మీరే. కాల్లో అవతలివాడు గడగడా మాట్లాడుతుంటే "రెపీత, పొర్ ఫబోర్" అనాల్సిన నోరు కూడా మీదే.

"వాళ్ళు నియమాలు తెలుసుకుని మాట్లాడుతున్నారా?" లేదు, మనం "అడగను" అన్నప్పుడు తెలుసుకోనట్టే. కానీ వాళ్ళు పట్టికలు బట్టీ పట్టి కూడా మాట్లాడట్లేదు. పసితనం నుంచి వినడం వల్ల వచ్చింది. మనకి అంత టైము లేదు కాబట్టే నియమం కావాలి. నియమం తెలిస్తే వినేటప్పుడు చెవి దేన్ని పట్టుకోవాలో తెలుస్తుంది. ఊనిక ఎక్కడ పడింది, తర్వాత ఏ అచ్చు వచ్చింది, ఈ రెండే.

"యాప్ లో నాకు రెండొందల రోజుల స్ట్రీక్ ఉంది." శుభం. "మనం నిద్రపోదాం" అనడానికి ఏమంటారో చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. చెప్పగలిగితే ఈ టపా మీకు కాదు.

అసలు నొప్పి

ఇన్ని చెప్పింది స్పానిష్ మీద ప్రేమతో మాత్రమే కాదు. డాలస్ దగ్గర ఉండే మిత్రుడొకడు ఈ మధ్య ఫోన్లో చెప్పాడు. వాళ్ళ అమ్మాయికి స్కూల్లో స్పానిష్ ఉంది. (అమెరికా బడుల్లో పరభాషగా ఎక్కువమంది తీసుకునేది అదే.) సబ్జంక్టివ్ దగ్గర మార్కులు తగ్గాయట. "అందుకని ఆదివారం తెలుగు క్లాసు మాన్పించేశాం. రెండూ కలిసి కన్ఫ్యూజ్ అవుతోంది. తెలుగుకి గ్రామరూ పాడూ ఏముంది, ఇంట్లో ఎలాగూ మాట్లాడుతుంది."

గ్రామరూ పాడూ ఏముంది! ఆ అమ్మాయి ఇంట్లో "నేను అడగను" అంటుంది, "నిన్నే అడిగాను" అంటుంది, "రేపు అడుగుతా" అంటుంది. తర్వాతి అచ్చుని విని ముందు అచ్చుని మార్చడం ఆ పిల్లకి వచ్చు. ఆ క్లాసులో ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పిల్లలకి లేని ఆస్తి అది. తెలుగు క్లాసు మాన్పించడమంటే, ఉన్న నిచ్చెన విరగ్గొట్టి గోడ ఎత్తుగా ఉందని ఏడవడం.

తప్పు ఆ మిత్రుడిది మాత్రమే కాదు. మనకెవరూ చెప్పలేదు. తెలుగు వ్యాకరణం అంటే మనకి సంధులూ సమాసాలూ, పరీక్షలో నాలుగు మార్కులు. "చదువు, చదివి, చదవక" అనే మూడు మాటల్లో ఎంత పకడ్బందీ లెక్క ఉందో బళ్ళో ఒక్కరూ చూపించలేదు. సొంత భాషలో లాజిక్ చూడనివాడికి పరాయి భాషలో లాజిక్ ఉంటుందన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? వాడు "అది అంతే" అంటే నమ్ముతాడు, షీటు ప్రింటు తీసి గోడకి అంటించుకుంటాడు. టెస్టు రాస్తాడు, నెల తిరిగేసరికి మర్చిపోతాడు. ఆపైన "నాకు భాషలు రావండీ, నేను టెక్నికల్" అంటాడు.

కాబట్టి స్పానిష్ నేర్చుకుంటున్న తెలుగువాళ్ళందరికీ నా మనవి. ఈ వారం ఐదు క్రియలు తీసుకోండి: సెర్రార్, కొంతార్, పొదేర్, దొర్మీర్, పెదీర్. పట్టిక చూడొద్దు. తెలుగు లిపిలో రాసుకోండి, ఊనిక ఉన్నచోట దీర్ఘం పెట్టండి, పైకి చదవండి. తర్వాత అదే ఊపులో మన చదువు, అడుగు, తిరుగు లని కూడా నడిపించండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళచేత రెండూ అనిపించండి. మీ మాస్టారు "ఇర్రెగ్యులర్, అది అంతే" అంటే, మర్యాదగానే, "ఊనిక ఎక్కడుందండీ?" అని అడగండి.

అడుగు, అడిగి, అడగక. అడగకపోతే మనకి మిగిలేది ఆ 360 గళ్ళే.